కాలేజీ హాల్లో కళా ప్రదర్శన పెట్టడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం

యూనివర్సిటీకి సొంత ఆర్ట్ మ్యూజియం ఉండటం, అక్కడ ఒక ప్రదర్శన తీసేసి ఇంకోటి పెడుతూ ఉండటం, వారాంతం వస్తే ఊళ్లోవాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్లి చూసి రావడం, ఇవన్నీ మనకి కాదులే అనుకుంటాం. ఎందుకు కాదు? ఎచ్చెర్లలో యూనివర్సిటీ ఉంది, విజయనగరంలో 1879 నాటి మహారాజా కాలేజీ ఉంది, 1919లో మొదలైన సంగీత కళాశాల ఉంది, జిల్లా అంతా డిగ్రీ కాలేజీలున్నాయి. ప్రతి కాలేజీలోనూ ఒక సెమినార్ హాలు ఉంటుంది. ఆ హాలు మీకు పది రోజులు ఇస్తే చాలు. మిగతా సరుకంతా మన చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంది. పొందూరు, బుడితి, బొబ్బిలి, సీతంపేట అన్నీ ఉదయం బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరంలోనే ఉన్నాయి.

ఇది లెక్చరర్లకి, ఫైనలియర్ పిల్లలకి, ఊళ్లో సాహితీ సంస్థలు నడిపేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. డబ్బు బాగా ఉన్నవాళ్ల పద్ధతి కాదిది, ఉన్నదాంతో శ్రద్ధగా చేసే పద్ధతి.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి

"ఉత్తరాంధ్ర కళా వైభవం" అని పేరు పెట్టి వీణ, చీర, చెంబు, గోడబొమ్మ, పాత ఫోటో అన్నీ ఒకే హాల్లో పేర్చేస్తే చూసేవాడికి ఏదీ గుర్తుండదు. చుట్టూ ఒకసారి తిరిగి, గుమ్మం దగ్గర సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతాడు. అందుకే విషయం చిన్నదిగా ఉండాలి. పొందూరు నూలు గింజ నుంచి పంచె దాకా ఎలా వస్తుంది అన్నది ఒక ప్రదర్శన. పనస దుంగ వీణ ఎలా అవుతుంది అన్నది ఇంకోటి. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య బొమ్మలు మన ఇళ్లలో, పాత చందమామల్లో, యువ సంచికల్లో ఎన్ని మిగిలున్నాయో వెతికి పెట్టడం మరోటి. సీతంపేట వైపు గిరిజనులైన సవరల గోడబొమ్మలు, శ్రీకూర్మం ఆలయ మండపాల్లోని చిత్రాలకి ఫోటోలు, బొబ్బిలిలో పుట్టి విజయనగరంలో ఎంతోమందికి బొమ్మలు నేర్పిన అంట్యాకుల పైడిరాజు శిష్యుల పనులు, ఇలా ఎన్నో ఉన్నాయి. ఒక ఏడాదికి ఒకటి చాలు.

మీ విషయాన్ని ఒక్క వాక్యంలో ఆటో డ్రైవర్‌కి చెప్పి చూడండి. ఆయన "ఓహో, అలగా" అని ఇంకో ప్రశ్న వేస్తే విషయం కుదిరినట్టే.

మామూలు సెమినార్ హాలుకి ఇరవై, ఇరవై ఐదు వస్తువులు పడతాయి. ముప్పై దాటితే ఇరుకైపోతుంది. చోటుంది కదా అని నింపొద్దు, ఖాళీ గోడ ఉంటేనే పక్కనున్న బొమ్మ కంటికి ఆనుతుంది.

చూసొచ్చి మొదలుపెట్టండి

పని మొదలుపెట్టే ముందు టీమ్ మొత్తం ఒకసారి శాలిహుండం వెళ్లి రండి. వంశధార ఒడ్డున కొండమీద బౌద్ధ స్థూపాలున్నాయి, 1919లో ఆ చోటుని మొదట గుర్తించింది మన గిడుగు రామమూర్తిగారే. కింద పురావస్తు శాఖ వారి చిన్న మ్యూజియం ఉంది. శిల్పాలు చూడండి, కాని మీ అసలు పని వేరే. విగ్రహం కింద దిమ్మ ఎంత ఎత్తుంది, వెలుతురు ఎటునుంచి పడుతోంది, పక్కన చీటీ మీద ఏం రాశారు, నిలబడి చదవగలుగుతున్నారా, వంగి చదవాల్సి వస్తోందా, ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకోండి. వీలైతే వైజాగ్ బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం కూడా చూడండి. అక్కడికి వచ్చినవాళ్లు ఏ వస్తువు దగ్గర ఆగుతున్నారో, ఏ వస్తువుని దాటిపోతున్నారో ఒక మూల నిలబడి గమనిస్తే పుస్తకాల్లో దొరకని పాఠం అర్థమవుతుంది.

తేదీ, హాలు

అక్టోబరు, నవంబరు వద్దు. మనకి అది తుఫానుల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ ఏం చేసిందో పలాస, సోంపేట వైపు వాళ్లకి ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. గాలివానకి కరెంటు పోయిన హాల్లో ఇతరుల వస్తువులు పెట్టుకుని కూర్చోవడం కన్నా టెన్షన్ ఇంకోటి ఉండదు. సంక్రాంతి వెళ్లాక, ఇంటర్ పరీక్షల హడావిడి మొదలవక ముందు, అంటే జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అన్నిటికన్నా మంచిది. గాలిలో తేమ తక్కువ, ఎండ మెత్తగా ఉంటుంది. శ్రీకాకుళంలో అయితే రథసప్తమి ఇంచుమించు అప్పుడే వస్తుంది, అరసవల్లికి ఊళ్లనుంచి జనం వస్తారు, దర్శనం అయ్యాక బస్సు దొరికేలోపు ఎక్కడికి వెళ్లాలో తెలియక కాంప్లెక్స్ దగ్గర కూర్చునేవాళ్లు బోలెడుమంది. వాళ్లని పిలవండి. విజయనగరంలో పైడితల్లి సిరిమానుకి ఇంకా ఎక్కువ జనం వస్తారు కాని అది దసరా తర్వాత మంగళవారం, వానల భయం ఉంటుంది, పైగా ఆ రోజు ఊళ్లో కాలు పెట్టే చోటుండదు.

హాలు చూడటానికి మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి, పొద్దున కాదు. పడమటి కిటికీలోంచి ఎండ ఏ గోడమీద పడుతుందో అప్పుడే తెలుస్తుంది. గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి, చల్లగా, చెమ్మగా తగిలితే ఆ గోడకి ఏదీ తగిలించొద్దు. పెయింటు పొక్కులు లేచిన చోట కూడా అంతే. బాత్రూము ఆనుకుని ఉన్న గోడ అయితే దాని జోలికే పోవద్దు. తాళాలు ఎన్ని ఉన్నాయి, ఎవరెవరి దగ్గర ఉన్నాయి అడగండి. ప్రదర్శన జరిగే రోజుల్లో రెండు తాళంచెవులే ఉండాలి, ఒకటి మీ దగ్గర, ఒకటి ప్రిన్సిపాల్ గది బీరువాలో.

వస్తువులు అడిగి తెచ్చుకోవడం

ప్రదర్శనలో సగం పని ఇదే, మనం తేలిగ్గా తీసుకునేదీ ఇదే.

ఎవరింటికైనా వెళ్లినప్పుడు మొదటిరోజే వస్తువు అడగొద్దు. కూర్చోండి, పని చూడండి, కథ వినండి. పొందూరులో వడికే ఇంటికి వెళ్తే, గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వడం చూపిస్తారు. ఆ ఎముకని చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. చిన్న చిన్న పళ్లు ఒత్తుగా, ఒకే వైపుకి వంగి ఉంటాయి. పత్తి మీద లాగినప్పుడు నలకంతా వాటికి పట్టుకుని, పోగులు మాత్రం ఒకే దారిలో సర్దుకుంటాయి. తర్వాత గింజ తీయడం, దూది ఏకడం, ఏకులు, అంటే వడకడానికి వీలైన దూది చుట్టలు, చుట్టడం. ఆ ఏకుని ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు, చేతి చెమట తగలకుండా, దూది నలగకుండా. వందో నెంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు, అలా వస్తుంది. ఈ దవడ ఎముక, అరటి దొప్ప, సగం వడికిన కదురు, ఈ మూడూ మీ ప్రదర్శనకి నేసిన పంచె కన్నా విలువైనవి. పంచె షాపులో కూడా కనిపిస్తుంది, ఇవి ఇంకెక్కడా కనిపించవు.

వస్తువు ఇస్తామన్నాక కాగితం రాయండి. తెలిసినవాళ్లు కదా, ఎందుకులే అనుకోకండి, తెలిసినవాళ్లతోనే రాసుకోవాలి. వస్తువు పేరు, కొలతలు, దేంతో చేశారు, ఎవరిది, ఏ తేదీన తీసుకున్నాం, ఏ తేదీన తిరిగి ఇస్తాం, పాడైతే ఎవరిది బాధ్యత. రెండు కాపీలు, రెండిటి మీదా రెండు సంతకాలు. ఫోన్లో ముందు వైపు, వెనక వైపు, అడుగున, ఉన్న ప్రతి గీత, పగులు, సొట్ట దగ్గరగా ఫోటో తీసి, ఆ ఫోటోలు యజమానికి అక్కడే వాట్సాప్‌లో పంపేయండి. తిరిగి ఇచ్చేటప్పుడు "ఈ గీత ముందు లేదు కదా" అన్న మాట రాకుండా ఉండటానికి ఇంతకన్నా మార్గం లేదు.

వస్తువుని బట్టి జాగ్రత్తలు మారతాయి. బుడితి కంచు, ఇత్తడి సామాన్లు తెచ్చినప్పుడు ఇంట్లో పాతది ఉంటే దాన్ని చింతపండుతో తోమి తళతళలాడించి ఇస్తామంటారు. వద్దని చెప్పండి. ఏళ్ల తరబడి పట్టిన ఆ ముదురు రంగు దాని వయసు, తోమితే పోతుంది, మళ్లీ రాదు. కొత్తగా చేసినదైతే పనివాడికి ఎలా ఇష్టమో అలా ఉంచండి. వట్టి చేతుల్తో పట్టుకుంటే చెమట వేలిముద్రలు పడి తర్వాత నల్లమచ్చలవుతాయి, శుభ్రమైన నూలు గుడ్డతోనో, నూలు గ్లౌజులతోనో పట్టుకోవాలి. వీణ అయితే దండి, అంటే పొడవాటి మెడ, పట్టుకుని ఒంటిచేత్తో లేపొద్దు, ఒక చెయ్యి కుండ కింద, ఇంకో చెయ్యి దండి కింద ఉండాలి. ఫ్రేము కట్టిన బొమ్మని పై తాడు పట్టుకుని మోయొద్దు, రెండు పక్కలా పట్టుకోండి. రంగులున్న బొమ్మ మీద బబుల్ షీటు నేరుగా చుట్టకండి, గుండ్రటి మచ్చలు పడతాయి. ముందు బటర్ పేపరు, దాని మీద నూలు గుడ్డ, ఆపైన బబుల్ షీటు. పాత పేపర్లు అసలు వాడొద్దు, సిరా అంటుకుంటుంది.

రెండు చట్టాల సంగతి

కంగారు పడాల్సిందేం లేదు కాని తెలిసుండాలి. ఎవరైనా వందేళ్లు దాటిన విగ్రహం, బొమ్మ తెచ్చి ఇస్తే అది 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి వస్తుంది, తాళపత్రాల్లాంటి రాతప్రతులైతే 75 ఏళ్లు దాటితే చాలు. వాటిలో కొన్ని రకాలకి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం చూసి, దాని కాపీ దగ్గర పెట్టుకుని తీసుకోండి. పొలం దున్నుతుంటే దొరికిందని నాణేలో, మట్టి బొమ్మో తెస్తే మాత్రం ప్రదర్శనలో పెట్టకండి. భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టరుకి తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది, తెచ్చినాయనకి మర్యాదగా ఆ సంగతి చెప్పండి.

రెండోది కాపీరైటు. మన దేశంలో చిత్రకారుడు పోయిన తర్వాత కూడా అరవై ఏళ్లు ఉంటుంది. వడ్డాది పాపయ్యగారు 1992లో పోయారు, అంటే ఆయన బొమ్మల మీద హక్కులు 2052 చివరిదాకా ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. మీ తాతగారి పెట్టెలో దొరికిన పాత సంచికని గాజు కింద పెట్టి చూపించడం వేరు, ఆ ముఖచిత్రాన్ని స్కాన్ చేసి ఫ్లెక్సీ మీద, క్యాలెండర్ మీద అచ్చువేసి అమ్మడం వేరు. రెండోదానికి హక్కుదారుల అనుమతి కావాలి. బ్రతికున్న చిత్రకారుడి దగ్గర బొమ్మ కొన్నా అంతే, బొమ్మ మనదవుతుంది గాని దాన్ని అచ్చువేసుకునే హక్కు రాదు. సవర బొమ్మలకి ఇంకో మర్యాద కూడా ఉంది. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో, నమిలిన పుల్లతో వేసే ఆ బొమ్మలు ఇంటి అలంకారం కోసం పుట్టలేదు, దేవతల కోసం, పెద్దల కోసం వేసినవి. ఇంట్లోని గోడని ఫోటో తీసే ముందు అడగండి, వద్దంటే ఊరుకోండి. అమ్మకానికని కాగితం మీద, గుడ్డ మీద వేసినవి తెచ్చి పెట్టుకోవచ్చు.

తగిలించడం

హాలు గోడకి మేకులు కొట్టనివ్వరు, కొట్టనక్కర్లేదు కూడా. టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర ఇనప ఫ్రేములు దొరుకుతాయి, లేదా వెదురు కర్రలతో నిలువుగా నిలబడే చట్రాలు కట్టించండి. వాటికి లేత బూడిదరంగు గుడ్డో, గోధుమరంగు ఖద్దరో బిగించండి. షామియానా వాళ్లు ఎర్ర, పచ్చ, జరీ గుడ్డ ఇస్తామంటారు, పెళ్లికి బాగుంటుంది, ఇక్కడ వద్దు. చట్రం గోడకి అర అడుగైనా దూరంగా ఉండాలి, వెనక గాలి ఆడాలి, చెమ్మ అంటకూడదు. గాలికి పడిపోకుండా కింద ఇసుక మూటలు పెట్టండి, వాటిమీద అదే గుడ్డ కప్పండి.

ఎత్తు దగ్గర అందరూ పొరపడతారు. మన ఇళ్లలో దేవుడి పటాలు, తాతగారి ఫోటోలు గుమ్మం మీద తగిలిస్తాం కదా, ఆ అలవాటుతో ఇక్కడా పైకి పెట్టేస్తారు. మ్యూజియంలో లెక్క ఏమిటంటే బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి, ఇంచుమించు అయిదడుగుల లోపు. అన్ని బొమ్మలకీ పై అంచులు కాదు, మధ్య గీతలు కలవాలి. బడిపిల్లలు ఎక్కువగా వస్తారనుకుంటే ఇంకో అరడుగు దించండి. తేలికైన వాటికి నైలాను దారం సరిపోతుంది, బరువైన ఫ్రేములకి మాత్రం స్టీలు తీగే, ఎందుకంటే నైలాను రోజురోజుకీ కొంచెం సాగుతుంది.

తగిలించే ముందు అన్నీ నేలమీద, దుప్పటి పరిచి, గోడ వెంబడి ఆనించి వరస చూసుకోండి. ఒక రాత్రి అలా వదిలేసి పొద్దున మళ్లీ చూస్తే ఏది ఎక్కడ అడ్డంగా ఉందో తెలుస్తుంది. గుమ్మంలోకి అడుగుపెట్టగానే కనబడేది మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా బలమైనది కావాలి, అన్నిటికన్నా పెద్దది కానక్కర్లేదు.

వెలుతురు, తేమ

కాగితం, గుడ్డ, నీటిరంగులు, ఇవి వెలుతురుకి పాడవుతాయి, పాడైంది బాగవదు. మ్యూజియాల్లో మామూలుగా వీటికి వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గరే ఉంచుతారు, తైలవర్ణ చిత్రాలకి 200 దాకా పర్వాలేదు, రాయికి, ఇత్తడికి ఇబ్బంది లేదు. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ వేసుకుని చూడండి, కచ్చితంగా ఉండదు కాని ఏ మూల వెలుగు ఎక్కువో, ఏ మూల తక్కువో తెలుస్తుంది. మన తరగతి గదుల్లో మామూలుగా అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే కిటికీలకి మందపాటి గుడ్డ కట్టండి, సగం ట్యూబులైట్లు తీసేయండి, ఎల్ఈడీ స్పాట్ లైట్లు పైనుంచి కొంచెం వాలుగా, బొమ్మకి ఎదురుగా కాకుండా పడేలా పెట్టండి. గాజు మీద మీ ముఖం మీకే కనిపిస్తోందంటే దీపం తప్పుచోట ఉందన్నమాట.

పెళ్లిళ్లలో వాడే హాలోజన్ ఫోకస్ లైట్లు మాత్రం ఒక్కటి కూడా రానివ్వొద్దు. ముఖ్యంగా వీణ ఉంటే. వీణ మీద 24 మెట్లూ మైనంలో నిలబెట్టి ఉంటాయి, మైనంలో బొగ్గుపొడి కలిపి దండి పొడుగునా పోస్తారు. ఆ మైనానికి వేడి తగిలితే మెత్తబడి మెట్టు కదులుతుంది, మెట్టు వెంట్రుకవాసి కదిలినా స్వరం తప్పుతుంది. బొబ్బిలి, గొల్లపల్లి పనివాళ్లు ఒక్కో మెట్టునీ చెవితో విని సరిచేసి పెట్టింది మన దీపం వేడికి పోతుంది.

తేమకి చిన్న డిజిటల్ మీటరు కొనండి, ఖరీదేం కాదు. 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే కాగితానికి, గుడ్డకి బూజు పడుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం కన్నా ఏసీ అసలు లేకుండా ఫ్యాన్లు తిరగడమే మేలు, ఎందుకంటే చెక్కని, కాగితాన్ని పాడుచేసేది తేమ ఒక్కసారిగా పెరగడం, తగ్గడం. గాజు పెట్టెల్లో సిలికా జెల్ పొట్లాలు వేయండి. అగరొత్తులు, కర్పూరం, సాంబ్రాణి హాల్లో వద్దు.

పక్కన చీటీ, దాని మీద పేరు

నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఇదే. మన జిల్లా వస్తువులు పెద్ద పెద్ద చోట్ల చూశాను, వాటి పక్కన "ఇత్తడి పాత్ర, శ్రీకాకుళం జిల్లా" అని ఉంటుంది, అంతే. చిత్రకారుడైతే పేరు రాస్తారు. కంచరి పేరు, వడికినామె పేరు, వీణ తొలిచినాయన పేరు ఉండదు. ఊరి పేరే పనివాడి పేరైపోతుంది. పొందూరులో ఒక పెద్దావిడని "మామ్మా, మీ పేరు చెప్పండి, రాసుకుంటాం" అని అడగండి, "నా పేరెందుకమ్మా, పొందూరు అని రాసెయ్, సరిపోద్ది" అంటుంది. సరిపోదు. ఇంటిపేరుతో సహా అడిగి, అక్షరం తప్పు లేకుండా రాసుకుని, అచ్చుకి ఇచ్చే ముందు ఇంట్లో చదువుకున్న పిల్లలకి చూపించి సరిచేసుకోండి. పేరు వేయొద్దని నిజంగా కోరితే సరే, అది ఆమె ఇష్టం.

చీటీలో వరస ఇలా పెట్టుకోండి. పైన పెద్ద అక్షరాల్లో వస్తువు పేరు. కింద చేసినవాళ్ల పేరు, ఊరు. ఆ కింద దేంతో చేశారు, ఎప్పుడు. తర్వాత నాలుగైదు వాక్యాలు. చివర్లో చిన్నగా, ఎవరు ఇచ్చారు. మొత్తం అరవై మాటలు దాటొద్దు, నిలబడి చదివేవాళ్లకి అంతకన్నా ఓపిక ఉండదు.

ఆ నాలుగైదు వాక్యాల్లో ఏం రాయాలి అన్నదే కష్టం. "ఈ చెంబు మన సంస్కృతీ సంప్రదాయాలకు ప్రతీక" అని రాస్తే చదివినవాడికి కొత్తగా తెలిసిందేమీ లేదు, ఆ వాక్యం దేనికైనా అతుకుతుంది. దాని బదులు ఇలా రాయండి: "అంచు కింద సన్నటి గీతలు చూడండి. సుత్తి దెబ్బలు కనబడకుండా చివర్లో చెక్కినవి. లోపల చెయ్యి పెట్టగలిగితే ఆ దెబ్బలు ఇంకా తగులుతాయి." చదవగానే మనిషి తలవంచి అంచు వైపు చూస్తాడు. చీటీ చేయాల్సిన పని అదే, కన్ను వస్తువు మీదకి తిరిగి వెళ్లేలా చేయడం. మీరు చేతిలో పట్టుకుని చూసిన వస్తువు గురించే ఇలా రాయగలరు, అందుకే చీటీలు రాసే పని గూగుల్లో వెతికేవాళ్లకి కాకుండా ఆ ఇంటికి వెళ్లొచ్చిన పిల్లలకే అప్పజెప్పండి.

అక్షరాలు 24 పాయింట్లకి తగ్గొద్దు, తెలుగు ఒత్తులు చిన్న సైజులో కలిసిపోతాయి. డీటీపీ సెంటర్లో మెరిసే కాగితం, లామినేషన్ వద్దని ముందే చెప్పండి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, అంతే, వెనకాల పూల బొమ్మలు వద్దు. తెలుగు పైన, ఇంగ్లీషు కింద. సవర బొమ్మలైతే సవర భాషలో కూడా, తెలుగు లిపిలో, ఆ ఊరి పిల్లల చేతే రాయించండి. గిడుగువారు సవర నేర్చుకుని ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన నేల ఇది, ఒక చీటీకి ఆ భాష లేకుండా ఎలా?

రోజూ ఏదో ఒకటి జరగాలి

గోడకి తగిలించినవి మొదటిరోజు ఒక్కసారి చూస్తారు. మళ్లీ రావాలంటే హాల్లో మనుషులు పని చేస్తూ ఉండాలి. ఒకరోజు రాట్నం, ఒకరోజు వీణ తొలవడం, ఒకరోజు సవర బొమ్మ మొదటి గీత నుంచి చివరి చుక్క దాకా. సాయంత్రం ఆరుబయట తప్పెటగుళ్లో, జముకుల కథో పెట్టించండి, చప్పుడు వినబడి దారినపోయేవాళ్లు కూడా లోపలికి వస్తారు. అన్నీ ఒకేరోజు కుక్కొద్దు.

పనివాళ్లని పిలిచినప్పుడు దారి ఖర్చు, భోజనం, ఆ రోజు కూలి, దానిపైన గౌరవ పారితోషికం ముందే మాట్లాడి, వచ్చినరోజే చేతికి ఇవ్వండి. వాళ్లు ఇక్కడ కూర్చున్న రోజు అక్కడ పని ఆగిపోతుంది. శాలువా కప్పి పంపించడం దానికి బదులు కాదు. రెండు గంటలు పని చూపించాక విశ్రాంతి ఇవ్వండి, ఫోటోల కోసం మళ్లీ మళ్లీ చేయించొద్దు. ప్రశ్నలు అడగడానికి ఒక విద్యార్థి పక్కనే ఉండాలి, ప్రశ్న వినిపించేలా తిరిగి చెప్పడానికి, "ఎంతకి ఇస్తావ్" లాంటి ఏకవచనాన్ని ఆపడానికి. అమ్మకాలుంటే ధర పనివాళ్లే చెప్పాలి, డబ్బు నేరుగా వాళ్లకే వెళ్లాలి, వాళ్ల ఫోన్‌పే స్కానరు బల్ల మీద పెట్టండి, కాలేజీ కమిషన్ వద్దు.

పిల్లల కోసం ముట్టుకునే బల్ల ఒకటి తప్పకుండా పెట్టండి. మిగతా హాలంతా ముట్టుకోవద్దు అంటాం కాబట్టి ఇక్కడైనా ముట్టుకోనివ్వాలి. గింజ పత్తి, ఏకు, నూలు, నేసిన గుడ్డ ముక్క వరసగా. పనస చెక్క ముక్క, పాత ఇత్తడి తుక్కు. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పమనండి. బళ్ల నుంచి వచ్చేవాళ్లని ఇరవై, పాతికమంది చొప్పున లోపలికి పంపించండి, చేతికి ఒక కాగితం ఇవ్వండి, అందులో మూడే ప్రశ్నలు, వస్తువుని దగ్గరగా చూస్తే తప్ప జవాబు దొరకనివి.

ప్రారంభం రోజు

సభ హాల్లో వద్దు, వరండాలోనో చెట్టుకిందో పెట్టండి. జ్యోతి ప్రజ్వలన కూడా అక్కడే, నూనె దీపం, మంట బొమ్మల దగ్గరికి రాకూడదు. ప్రసంగాలు అరగంటలో ముగించేలా అతిథులకి ముందే ఫోన్‌లో మనవి చేయండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. రిబ్బను కత్తిరించేది వస్తువులు చేసిన వాళ్లలో పెద్దవయసు వాళ్లయితే బాగుంటుంది, ఆ మాట కూడా అతిథులకి ముందే చెప్తే ఎవరికీ చిన్నతనం అనిపించదు. వేదిక మీద కుర్చీలు వాళ్లకీ వేయండి.

ప్రచారానికి ఏడురోడ్ల జంక్షన్‌లో ఫ్లెక్సీ ఒకటి కట్టినా దానికన్నా బాగా పనిచేసేవి వేరే ఉన్నాయి. ఊళ్లోని డ్రాయింగు మాస్టార్లందరికీ విడివిడిగా ఫోన్ చేయడం, లైబ్రరీల్లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో అనుమతి తీసుకుని చిన్న పోస్టరు అంటించడం, రోజుకొక వస్తువు ఫోటో, దాని చీటీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం. సమయం సాయంత్రం ఏడున్నర దాకా ఉంచండి. ఉద్యోగాల వాళ్లు, షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు అయిదింటికి మూసేస్తే ఎప్పటికీ రాలేరు. ఆదివారం తప్పకుండా తెరవాలి.

ప్రతిరోజూ తెరిచేముందు, మూసేముందు జాబితా పట్టుకుని వస్తువులన్నీ లెక్క చూడండి, తేమ మీటరు రీడింగు రాసుకోండి. హాల్లో ఎప్పుడూ ఇద్దరు వాలంటీర్లుండాలి, ఒకరు గుమ్మం దగ్గర, ఒకరు లోపల. లోపలుండేవాళ్లు ఫోన్ చూసుకుంటూ కుర్చీలో కూర్చోకుండా, ఎవరైనా ఒక బొమ్మ దగ్గర ఆగితే వెళ్లి రెండు మాటలు చెప్పగలిగేవాళ్లు కావాలి. సందర్శకుల పుస్తకంలో "చాలా బాగుంది" అని రాసి సంతకం పెట్టేయకుండా, పైన ఒక ప్రశ్న రాసి ఉంచండి: మీ ఇంట్లో ఇలాంటిది ఏదైనా ఉందా, ఎవరు చేశారు? వచ్చే ఏడాది ప్రదర్శనకి మీ జాబితా ఆ పుస్తకంలోంచే తయారవుతుంది.

ముగిశాక

తీయడానికి పెట్టినంత సమయం పెట్టుకోండి. ఆఖరి రోజు రాత్రి హడావిడిగా దించేటప్పుడే ఎక్కువ వస్తువులు దెబ్బతింటాయి, మర్నాడు పొద్దున వెలుతురులో దించండి. పాత ఫోటోలు పక్కన పెట్టుకుని ప్రతి వస్తువూ సరిచూసి, మళ్లీ ఫోటో తీసి, అదే వరసలో చుట్టండి. ఎవరి వస్తువు వాళ్ల ఇంటికి మీరే తీసుకెళ్లి ఇవ్వాలి, వచ్చి పట్టుకెళ్లమని కబురు పెట్టొద్దు. కాగితం రెండు కాపీల మీద "తిరిగి ముట్టింది" అని సంతకం తీసుకోండి.

వెళ్లేటప్పుడు మూడు పట్టుకెళ్లండి. వాళ్ల పేరున్న చీటీ, దాన్ని చిన్న ఫ్రేము కట్టించి. హాల్లో వాళ్ల వస్తువు ముందు జనం నిలబడి ఉండగా తీసిన ఫోటో. సందర్శకుల పుస్తకంలో వాళ్ల పని గురించి రాసిన పేజీల జిరాక్సు. చీటీలన్నీ, ఫోటోలు, రాసుకున్న మాటలు, రికార్డు చేసిన సంభాషణలు ఒక ఫైల్లో పెట్టి కాలేజీ లైబ్రరీలో ఇచ్చి, యాక్సెషన్ నెంబరు, అంటే లైబ్రరీ రిజిస్టరు నెంబరు, వేయించండి. పెన్‌డ్రైవ్ ఒక్కటే ఇస్తే పోతుంది, కాగితం మీద కూడా ఉండాలి.